పలకల కొట్టు పెసలు

అనగనగా అన్నానని మరీ రాజుల కాలం అనుకునేవు చిన్నీ, అంత పాతదేం కాదు. మా అమ్మ జడకి రిబ్బను కట్టుకుని బడికి వెళ్ళే కాలం. కొండల కింద జీడిపాలెం అని ఒక చిన్న ఊరు ఉండేది. ఆ ఊరికంతటికీ ఒకటే కొట్టు. ఆ కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో, చెబుతాను.

ఆ కొట్టుకి తలుపుల్లేవు. తలుపులకి బదులు పదకొండు చెక్క పలకలు ఉండేవి. ఒక్కో పలక మీదా ఒక్కో అంకె. పొద్దున్నే వాటిని ఒక్కొక్కటిగా తీసి గోడకి చేరవేస్తే కొట్టు తెరిచినట్టు. సాయంత్రం మళ్ళీ వరసగా గాడిలోకి దించితే కట్టేసినట్టు. అందుకని అందరూ దాన్ని పలకల కొట్టు అనేవారు. పిల్లలు రాసుకునే పలకలు కూడా అమ్మేవారులే, అది వేరే సంగతి.

అప్పటికే ఆ కొట్టుకి వందేళ్ళు. లోపల ఏముండేవంటే ఏం చెప్పను! ఉప్పు, పప్పు, చింతపండు, బెల్లం దిమ్మలు. పైన దూలానికి చేంతాళ్ళు, చీపుళ్ళు, లాంతర్లు. ఒక మూల కిరసనాయిలు పీపా, ఇంకో మూల నాగలి కర్రులు. గాజులూ ఉండేవి, చేపలు పట్టే గాలాలూ ఉండేవి. కొండల మీది వాళ్ళు కూడా ఉప్పు కోసం, గుడ్డల కోసం అక్కడికే దిగి వచ్చేవారు.

ఆ కొట్టు మంగళమ్మది. భర్త శెట్టిగారు పోయాక ఆవిడే చూసుకునేది. డెబ్బై ఏళ్ళ మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉండేది. వచ్చినవాళ్ళని ముందు "భోంచేశారా?" అని అడిగి, ఆ తర్వాతే ఏం కావాలో అడిగేది. అందరూ ఆవిణ్ణి శెట్టెమ్మ గారూ అని పిలిచేవారు. ఆవిడ చేత్తో కొలిచి పోసిందంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదని ఊళ్ళో పేరు.

ఆ ఊళ్ళోనే పోలినాయుడని ఒక రైతు ఉండేవాడు. ఆ ఏడు వేసవిలో అతను ఇంటి కప్పు విప్పి కొత్త తాటాకు వేయిస్తున్నాడు. ఇంట్లో సామాను పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడు ఒక డబ్బా పట్టుకుని కొట్టుకి వచ్చాడు.

"శెట్టెమ్మ గారూ, ఇవి విత్తనాల పెసలు. పురుగు పట్టకుండా మందు కలిపాను. మనుషులు తినకూడదు. వానలు పడేదాకా ఓ మూల ఉంచుతారా?" అన్నాడు.

"దానికేం నాయుడూ, ఉంచు" అంది మంగళమ్మ.

అతను ఆ డబ్బాకి ఎర్రగుడ్డ కట్టి, చేంతాళ్ళ కింద మూలకి తోసి వెళ్ళాడు. తినే పెసల డబ్బా ఎక్కడో ముందు వరసలో ఉంది. రెండు డబ్బాలూ ఒకే తీరు. అయినా ఆ మూల నుంచి ఈ మూలకి బోలెడు దూరం. భయమేముంది?

ఆ తర్వాత మంగళమ్మ కొట్టుకి సున్నం వేయించింది. సున్నం వేయాలంటే సామానంతా అరుగు మీదకి తేవాలి కదా. తెచ్చారు. ఆవిడ కూర్చుని డబ్బాలన్నీ తడిగుడ్డతో తుడిచింది. తుడవడానికి అడ్డం వస్తోందని ఆ ఎర్రగుడ్డ విప్పి పక్కన పెట్టింది. మళ్ళీ కడదామనే అనుకుంది పాపం.

ఇంతలో మబ్బు కమ్మింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. సామానంతా తడిసిపోతుందని గబగబా లోపలికి చేరవేసింది. ఏది ఎక్కడ పెట్టిందో చూసుకునే తీరిక లేదు. ఎర్రగుడ్డ గాలికి ఎగిరి ఎటు పోయిందో పోయింది.

ఆ రాత్రంతా మంచి వాన కురిసింది. తెల్లారేసరికి ఊరంతా మట్టి వాసన. కానీ మంగళమ్మకి ఆ వాసన తెలియలేదు. వానలో తడిసి జలుబు చేసింది. ముక్కు దిబ్బడేసింది, కళ్ళల్లో నీళ్ళు. అయినా పలకలన్నీ తీసి కొట్టులో కూర్చుంది.

అప్పుడు మొదట హోటలు చలమయ్య వచ్చాడు. "రేపటి అట్లకి అడ్డెడు పెసలు పొయ్యండి" అన్నాడు. ముందు వరసలో ఉన్న డబ్బాలోంచి కొలిచి పోసింది.

ఆ తర్వాత నూకాలు వచ్చింది. కూలికి వెళ్ళే మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. "తవ్వెడు పెసలు పొయ్యండి మామ్మగారూ, పిల్లలు గుగ్గిళ్ళు గుగ్గిళ్ళు అని ఒకటే గోల" అంది. అదే డబ్బాలోంచి పోసి, పిల్లలకి ఇమ్మని చిన్న బెల్లంముక్క కూడా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత గంగన్నదొర వచ్చాడు. మూడు కొండల అవతల చింతలగొంది అని ఒక గూడెం ఉంది, అక్కడి మనిషి. ఉప్పు తీసుకున్నాడు. సోలెడు పెసలు తీసుకున్నాడు. తువ్వాలు చివర మూటకట్టుకుని కొండదారి పట్టాడు.

పొద్దు బాగా ఎక్కాక పోలినాయుడు నవ్వుకుంటూ వచ్చాడు. "వాన పడింది శెట్టెమ్మ గారూ! నా విత్తనాలు ఇచ్చెయ్యండి, వెదబెట్టేస్తాను" అన్నాడు.

"చేంతాళ్ళ కింద ఉంది చూడు నాయుడూ" అంది ఆవిడ.

అతను మూత తీశాడు. గుప్పెడు తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఏటమ్మా ఇది? మందు వాసన లేదు. ఇవి నావి కావే!"

మంగళమ్మ లేచి నిలబడింది. ముందు వరసలో డబ్బా వైపు చెయ్యి చూపించింది. పోలినాయుడు ఆ మూత కూడా తీశాడు. మందు కలిపినవాడు కదా, ఆ వాసన ఇట్టే పట్టేసి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"అమ్మో, ఇవే! ఇందులోవి ఎవరికైనా పోశారా?"

అప్పుడు మంగళమ్మ ఏం చేసిందో తెలుసా చిన్నీ? గుంజ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని, పొద్దున్నుంచీ వచ్చిన వాళ్ళందరినీ ఒక్కొక్కళ్ళనే తలుచుకుంది. ఆయనకి పసుపు. ఆ పిల్లకి కొబ్బరినూనె. ఆ ముసలాయనకి పొగాకు. పెసలు తీసుకున్నది ముగ్గురు. ముగ్గురే.

పోలినాయుడు గొంతు తగ్గించాడు. "ఎవరికీ సెప్పకండమ్మా. నేనెళ్ళి ఏదో వంక సెప్పి మెల్లిగా తెచ్చేస్తాను. వందేళ్ళ కొట్టు. ఇందులో విషం అమ్మారని తెలిస్తే ఇంకెవరూ గడప తొక్కరు."

అతను ఆవిడ మంచికే చెప్పాడు. మంగళమ్మ ఒక్క నిమిషం కొట్టంతా కలియజూసింది. అత్తగారు కూర్చున్న చోటు, మామగారు కూర్చున్న చోటు, శెట్టిగారు కూర్చున్న చోటు.

"పేరు పోతే పోనీ నాయుడూ. నేను మరిచిపోయి నాలుగో మనిషికి కూడా పోసి ఉంటేనో? అందరికీ తెలియాలి" అంది.

అప్పుడు అరుగు దిగి నడివీధిలో నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "నాయనా, అమ్మా, అందరూ వినండి! ఇవాళ నా కొట్టులో పెసలు కొన్నవాళ్ళు వండకండి, తినకండి! అవి మందు పట్టించిన విత్తనాలు. తప్పు నాది. నా కొట్టు పెసలు తినకండి!"

వీధిలో జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మంగళమ్మ ఊళ్ళో తప్పెట కొట్టే సన్యాసి అనే అతన్ని పిలిచి ఊరంతా చాటమంది. అతను తప్పెట తీసుకుని పరుగెత్తాడు. ఆవిడ కొట్టు పలకలు దించెయ్యమని పక్కవాళ్ళకి చెప్పి, పోలినాయుణ్ణి వెంటబెట్టుకుని హోటలుకి పరుగెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ గట్టిగా నడిచి కూడా ఎరగదు, పరుగెత్తింది.

చలమయ్య హోటలు సందు చివర్నే. అతను పెసలు గంగాళంలో పోసి అప్పటికే నానబోశాడు. మూత పెట్టి దాని మీద రాయి కూడా పెట్టాడు.

"చలమయ్యా, ఆ పెసలు పారబొయ్యి! వాటికి మందు పట్టించి ఉంది!"

చలమయ్య ముందు నమ్మలేదు. "పొరపాటు పడుంటారు శెట్టెమ్మ గారూ. మీ కొట్టులో అలాంటివెందుకుంటాయి? అయినా నాలుగు నీళ్ళు మార్చి కడిగేస్తే పోదా?"

"పోదు నాయనా, కడిగితే పోదు. రేపు ఊళ్ళో సగం మంది నీ అట్లే తింటారు."

మూత తీసి చూశారు. నీళ్ళ మీద తెల్లటి తెట్టు తేలుతోంది. అది చూశాక చలమయ్య తనే గంగాళాన్ని పెరట్లోకి ఈడ్చాడు. పోలినాయుడు పెరట్లో లోతుగా గొయ్యి తీశాడు. కోళ్ళు కూడా పొడవకుండా పెసలూ నీళ్ళూ అందులో పోసి, మట్టి కప్పి, పైన బండ పెట్టారు. చలమయ్య గంగాళాన్ని బూడిదేసి తోమాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాత ఆ గంగాళం ఇంక వద్దని దాన్నీ అవతల పెట్టేశాడు.

ఒక గండం గడిచింది. మంగళమ్మ ఊపిరి పీల్చుకుంది, అయితే ఆగలేదు. ముక్కు కారుతూనే ఉంది. కొంగుతో తుడుచుకుంటూ నూకాలు ఇంటి దారి పట్టింది.

నూకాలు ఇల్లు ఊరి చివర, చెరకుతోటల వైపు. తప్పెట చప్పుడు అక్కడిదాకా ఇంకా రాలేదు. దూరం నుంచే పోపు వాసన వచ్చిందని పోలినాయుడు అన్నాడు. అంటే గుగ్గిళ్ళు దింపేసిందన్నమాట. మంగళమ్మ పరుగు ఇంకా పెంచింది.

వెళ్ళేసరికి పిల్లలిద్దరూ వసారాలో ఆకులు వేసుకుని కూర్చున్నారు. ఆకుల్లో గుగ్గిళ్ళు పొగలు కక్కుతున్నాయి. చిన్నపిల్ల గుప్పెడు తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

మంగళమ్మ మాట్లాడలేదు చిన్నీ. మాట్లాడేంత ఊపిరి లేదు. ఒక్క ఉదుటున వెళ్ళి ఆ పిల్ల చేతి మీద కొట్టింది. గుగ్గిళ్ళన్నీ చెల్లాచెదురయ్యాయి. రెండో ఆకుని కాలితో అవతలికి తన్నేసింది. పిల్ల గొల్లుమంది.

నూకాలు గరిటె పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. "ఏటమ్మా ఇది! పెద్దోరు కదా అని ఊరుకుంటామా? తిండి మీద కాలెడతారా? పిల్లని కొడతారా?"

"విషమే నూకాలూ! నేను పోసిన పెసలు విషం! పిల్లలు తిన్నారా? ముందు అది చెప్పు తల్లీ, తిన్నారా?"

నూకాలు గరిటె అవతల పారేసింది. ఇద్దరు పిల్లల్నీ గడ్డం పట్టుకుని నోళ్ళు తెరిపించి చూసింది. వేలు పెట్టి చూసింది. ఏమీ కనబడలేదు. అయినా నమ్మకం కుదరలేదు. "నిజం సెప్పండే, ఒక్క గింజైనా మింగారా?"

పెద్దపిల్ల తల అడ్డంగా ఊపింది. చిన్నది వెక్కుతూ వెక్కుతూ చెప్పింది. "కాలిపోతోందే అమ్మా. ఊదుకుంటున్నాను. ఇంకా తిననేదు."

విన్నావా? ఊదుకుంటోందట! నూకాలు ఆ పిల్లని వాటేసుకుని నేల మీద చతికిలబడింది. మంగళమ్మ ఆ పక్కనే చతికిలబడింది. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో పోలినాయుడికి తెలియలేదు. అతను పిల్లల చేతులు రుద్ది రుద్ది కడిగి, నోళ్ళు పుక్కిలింపించాడు. కుండతో సహా గుగ్గిళ్ళన్నీ గొయ్యి తీసి పూడ్చేశాడు. నేల మీద పడ్డవాటిని నూకాలు ఒక్కొక్క గింజా ఏరింది.

రెండో గండం కూడా గడిచింది. ఇంక మిగిలింది గంగన్నదొర. అతను బయలుదేరి చాలాసేపయింది.

"మీరు ఇంటికెళ్ళండి శెట్టెమ్మ గారూ, కొండెక్కలేరు. నేనెళ్తాను" అన్నాడు పోలినాయుడు.

"నా చేత్తో పోశాను నాయుడూ. నేనే వెళ్ళి చెప్పాలి" అంది ఆవిడ. నూకాలు ఆవిడ చేతికి ఒక ఊతకర్ర ఇచ్చింది.

అప్పుడు ఇద్దరూ కొండదారి పట్టారు. మొదటి కొండ సగం ఎక్కేసరికే మంగళమ్మకి ఆయాసం వచ్చేసింది. అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. ఇలా వెళితే చింతలగొంది చేరేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా గంగన్నదొర ఇంట్లో పొయ్యి వెలగదా?

అక్కడ ఒక మేకల కాపరి, ముసలామె, రాతి మీద కూర్చుని ఉంది. సంగతి విని, "ఇంతేనా? కేకేస్తే పోలా?" అంది. లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని రెండో కొండ వైపు పెద్ద కేక వేసింది. "ఓ... చింతలగొందికి సెప్పండోయ్... శెట్టెమ్మ వత్తంది... ఆవిడ పెసలు వండకండోయ్..."

కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత రెండో కొండ మీంచి, కట్టెలు కొట్టుకునేవాడెవడో, అదే కేక అందుకున్నాడు. అది మూడో కొండకి వెళ్ళింది. అక్కడి నుంచి ఇంకెవరో అందుకున్నారు. కేక సన్నబడి, సన్నబడి, దోమ రొదంత అయి ఆగిపోయింది. చేరిందో లేదో తెలియదు.

వాళ్ళు మళ్ళీ నడిచారు. మంగళమ్మ నాలుగడుగులకోసారి ఆగింది. ఒకచోట పోలినాయుడు చెయ్యి పట్టి పైకి లాగాడు. ఒకచోట వాగులో నడుము లోతు నీళ్ళు, అతను ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకుని దాటించాడు. దారంతా ఆవిడ ఒకటే మాట. "ఇంకా వండుకోలేదంటావా నాయుడూ?" "వండుకోరమ్మా." "కేక చేరిందంటావా?" "చేరే ఉంటాదమ్మా."

పొద్దు వాలుతుండగా మూడో కొండ ఎక్కారు. అక్కడి నుంచి కింద చింతలగొంది కనబడుతుంది. పదిహేను గుడిసెలు.

సాయంత్రం వంటల వేళ ఏ ఊరి మీదైనా పొగ లేస్తుంది కదా? అక్కడ లేదు. ఒక్క ఇంటి మీద కూడా పొగ లేదు. ఎక్కడా ఒక్క చప్పుడు లేదు.

మంగళమ్మ అలాగే నిలబడిపోయింది. "అయిపోయింది నాయుడూ" అంది. "అందరూ పంచుకుని తినేశారు. ఊరంతా పోయింది." పోలినాయుడు ఆవిడ చెయ్యి పట్టుకుని దిగుడు వైపు నడిపించాడు.

ఆ తర్వాత ఆ దిగుడు ఎలా దిగారో వాళ్ళకే తెలియదు. ఆవిడ ఊతకర్ర ఎక్కడో పారేసింది. జారింది, లేచింది, మళ్ళీ జారింది. మోచేతులు గీసుకుపోయాయి.

గూడెంలోకి అడుగు పెట్టేసరికి ఏం చూశారనుకున్నావు?

ఊరు ఊరంతా ఆరుబయట కూర్చుని ఉంది! ముసలీ ముతకా, ఆడా మగా, చంకబిడ్డలతో సహా. అందరూ నిక్షేపంగా ఉన్నారు. కాకపోతే అందరి మొహాలూ ఆకలితో పీక్కుపోయి ఉన్నాయి. ఒకడు కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. గంగన్నదొర లేచి ఎదురొచ్చాడు.

"వచ్చినావా తల్లీ! మధ్యాన్నం కేక వచ్చింది. శెట్టెమ్మ వచ్చేదాకా ఎవరూ ఏటీ వండొద్దని. ఎందుకో తెలీదు. పెద్దమనిషివి, ఊరికే సెప్పవు కదా అని అందరం పొయ్యిలు ఆర్పేసి కూకున్నాం. ఇంక వండుకోమంటావా?"

పోలినాయుడికి నవ్వాగలేదు. ఒక కొండ మీంచి ఇంకో కొండకి వెళ్ళేసరికి ఆ కేకలో పెసలు రాలిపోయాయి. "వండొద్దు" ఒక్కటీ మిగిలింది!

"మరి పెసలో?" అంది మంగళమ్మ. "నువ్వు పొద్దున్న తీసుకున్న పెసలేవి బాబూ?"

గంగన్నదొర చూరు వైపు చూపించాడు. తువ్వాలు మూట అలాగే వేలాడుతోంది. ముడి కూడా విప్పలేదు. "అవి తినడానికి కాదమ్మా. వాన పడింది కదా, విత్తుకుందామని తెచ్చాను" అన్నాడు.

పోలినాయుడు తల పట్టుకుని పకపకా నవ్వాడు. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ! విత్తుకోడానికా? ఇంకేం, అసలైన విత్తనాలు నీకే దొరికాయి. మందు కూడా పట్టించి ఉన్నాయి. ఉంచుకో, కానీ చల్లాక చేతులు బాగా కడుక్కో. పిల్లలకి అందనియ్యకు."

అప్పుడు మంగళమ్మ ఏడ్చింది చిన్నీ. పొద్దున్న వీధిలో అరిచినప్పుడు ఏడవలేదు, కొండెక్కేటప్పుడు ఏడవలేదు. అందరూ బతికే ఉన్నారని తెలిశాక కూర్చుని హాయిగా ఏడ్చింది. గంగన్నదొర భార్య కొండమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మోచేతులకి ఆకు పసరు రాసింది. "వండుకోండమ్మా, అందరూ వండుకోండి" అంది మంగళమ్మ.

ఆ మాట కోసమే చూస్తున్నారేమో, ఒక్కసారిగా అందరూ లేచారు. ఈ ఇంటి నిప్పు ఆ ఇంటికి, ఆ ఇంటి నిప్పు ఈ ఇంటికి. చూస్తుండగానే పదిహేను కప్పుల్లోంచీ పొగలు. మంగళమ్మ ఒక్కో ఇంటి పొగనీ వేలితో లెక్కపెట్టుకుంది. కొండమ్మ ముందు చోడి అంబలి, అదే రాగి జావ, కాచి, ఉప్పు వేసి, ఉల్లిపాయతో తెచ్చి ఆవిడకే ఇచ్చింది. పొద్దున్నుంచి ఆవిడ కూడా ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రెండు ఆకు డొప్పల నిండా తాగింది. అంత కమ్మటి అంబలి పుట్టి బుద్ధెరిగాక తాగలేదని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పేదట.

రాత్రికి వాళ్ళింట్లోనే పడుకుని, మర్నాడు దిగి వచ్చారు. గూడెం కుర్రాళ్ళు కావడి కర్రకి దుప్పటి ఉయ్యాల కట్టి, ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టి, వాగు దాటించి, మొదటి కొండ దాకా మోసుకొచ్చారు.

ఆవిడ ఇల్లు చేరి, స్నానం చేసి, కొట్టు దగ్గరికి వెళ్ళింది. పలకల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. తెరవాలా వద్దా? ఇంక ఎవరు వస్తారు? తన చేత్తో పోసింది ఎవరు తింటారు? తనకే తన చెయ్యి మీద నమ్మకం పోయింది.

తీసింది. పదకొండు పలకలూ తీసింది. మందు పెసలన్నీ పోలినాయుడు పట్టుకుపోయాడు. తినే పెసల డబ్బా మళ్ళీ ముందు వరసలో ఉంది. ఆవిడ తన చోట కూర్చుంది.

వీధిలో జనం అటూ ఇటూ వెళుతున్నారు. ఒకామె కొట్టు వైపు చూసింది, తల దించుకుని వెళ్ళిపోయింది. ఇంకొకాయన ఆగాడు, ఆలోచించాడు, ఆయనా వెళ్ళిపోయాడు. పొద్దు ఎక్కుతోంది. మంగళమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, తక్కెడ తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ కూర్చుంది.

అప్పుడు అరుగు మెట్ల మీద గిన్నె చప్పుడైంది. చూస్తే నూకాలు. రెండు పక్కలా ఇద్దరు పిల్లలు.

"భోంచేశారా?" అంది మంగళమ్మ.

"ఎక్కడ మామ్మగారూ? నిన్నటినుంచి ఇద్దరికీ గుగ్గిళ్ళ మీదే ధ్యాస. తవ్వెడు పెసలు పొయ్యండి" అంది నూకాలు.

మంగళమ్మ నూకాలు మొహంలోకి చూసింది. "నా చేత్తో పొయ్యమంటావా?"

"మరెవరి చేత్తో పోయిస్తాను? తప్పు జరిగిందని వీధిలో నిలబడి అరిచిన చెయ్యి కాదూ అది. కొండలు దాటి కూడా వెళ్ళొచ్చారు. పొయ్యండి."

చేతితో అరుస్తారా అని నవ్వకు. నూకాలు అలాగే అందట, తడబడి. ఆ మాటకి వాళ్ళిద్దరూ కూడా నవ్వుకున్నారు.

మంగళమ్మ మూత తీసింది. జలుబు తగ్గింది కదా, ముందు వాసన చూసింది. నాలుగు గింజలు తన నోట్లో వేసుకుని కరకరా నమిలి మింగింది. అందరూ చూస్తుండగా కాసేపు అలా కూర్చుంది. ఆ తర్వాత తవ్వ ముంచి, గోపురంలా నిండుగా, గిన్నెలోకి పోసింది.

వీధిలో ఆగి చూస్తున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే అరుగెక్కారు. ఒకరికి ఉప్పు, ఒకరికి నూనె, ఒకరికి దారపుండ. చలమయ్య వచ్చి అడ్డెడు పెసలు అడిగాడు. మధ్యాన్నానికల్లా మంగళమ్మకి ఊపిరాడే తీరిక లేదు. ఆ రోజు నుంచి విత్తనాలూ మందులూ కొట్టులో పెట్టనే లేదు. వాటికి పెరటి చివర వేరే పాక వేయించి తాళం పెట్టింది.

ఆ సాయంత్రం పలకలు దించి ఇంట్లోకి వెళ్ళి, ఇంకా దీపాలు కూడా పెట్టకముందే, మంగళమ్మ మంచం మీద వాలింది. చెయ్యి చెంప కింద పెట్టుకుంది. అందరూ బాగున్నారు అనుకుంది. అంతే, హాయిగా నిద్రపోయింది.

నువ్వు కూడా చెయ్యి చెంప కింద పెట్టుకో. అదీ. అలాగే.

కొండలెక్కిన కేక కొండల్లో కలిసింది,
కొట్టులోని మంగళమ్మ కునుకు తీసింది,
కథేమో నడుచుకుంటూ కంచి చేరింది,
మన చిన్ని కంటి మీద నిద్ర వాలింది.